పెళ్లి ఫొటోలు సహజంగా తీయడం ఎలా?

స్వయం ఉపాధి కోసం ఫొటోగ్రఫీ ఎంచుకున్న లబ్ధిదారులకు

ఇప్పుడు చాలా కుటుంబాలు "మమ్మల్ని నిలబెట్టొద్దు, జరిగింది జరిగినట్టు తీయండి" అంటున్నాయి. దీన్నే క్యాండిడ్ అంటారు. ఇందుకు కెమెరా కంటే ముందు పెళ్లి తంతు తెలిసి ఉండాలి.

ముందు రోజు: పురోహితుణ్ని, ఇంటి పెద్దల్ని అడిగి ఏ తంతు తర్వాత ఏది వస్తుందో రాసుకోండి.

జీలకర్ర-బెల్లం: సరిగ్గా ముహూర్తానికి పెడతారు. మళ్లీ పెట్టమనలేం. ఇద్దరి ముఖాలూ కనిపించే చోట ముందే నిలబడండి.

తలంబ్రాలు: నవ్వులు వాటంతటవే వస్తాయి, "ఇటు చూడండి" అనకండి. బియ్యం గాల్లో స్పష్టంగా పడాలంటే షటర్ వేగం 1/500 దగ్గర పెట్టండి.

అప్పగింతలు: ఫ్లాష్ ఆపేసి, కాస్త దూరం నుంచి తీయండి. మండపంలో వెలుతురు తక్కువైతే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ బాగా పనికొస్తుంది.

అదే రాత్రి: ఫొటోలు రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చేయండి.

రుణం ఎంత?
ముద్ర పథకంలో అర్హులకు బ్యాంకులు శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు హామీ ఆస్తి లేకుండా ఇస్తాయి. అయితే ఇది అప్పు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, కిస్తీ మాత్రం ఆగదు. అందుకే మొదట అవసరమైనంతే తీసుకోండి. ఖరీదైన లెన్సులు అద్దెకు దొరుకుతాయి. అడ్వాన్సు, ఆల్బమ్ ఇచ్చే తేదీ కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి.