విందుకోటును షేర్వాణియు

కొన్ని ఆహ్వానపత్రికల యడుగున “బ్లాక్ టై” అను రెండు మాటలు కానవచ్చును. నల్లని టై యొక్కటి కట్టుకొని పోయినఁ జాలునని దాని యర్థము కాదు. ఆపాదమస్తకము ధరింపవలసిన యొక యుడుపును ఆ మాటలు సూచించుచున్నవి. సాయంకాలము ఆఱు గంటలకు ముందు దానిని ధరింపరాదు.

1865వ సంవత్సరమున లండను నగరములో హెన్రీ పూల్ అను వారి దర్జీదుకాణమునందు వేల్సు యువరాజు తోఁకకోటునకు బదులు పొట్టికోటు నొకదానిని గుట్టించుకొనెను. సన్నిహితులతోఁ గూడి యింట భుజించునపుడు తొడుగుకొనుటకే యది. 1886లో అమెరికాలోని టక్సీడో పార్కునఁ గానవచ్చి, యాయూరి పేరే తనకుఁ దెచ్చుకొనెను. పుట్టుకచే నిది సగము లాంఛనము గల యుడుపు. పూర్ణలాంఛనము తెల్ల టైతోడి తోఁకకోటునకే చెల్లును. అందుచేతనే తోఁకకోటు లాగునకుఁ బ్రక్కకుట్టుపై రెండు పట్టుపట్టీలుండఁగా దీనికి నొకటియే యుండును. కోటు కాలరుమడతలకుఁ బట్టుగుడ్డ వేయుదురు. చొక్కా తెల్లనిది, టై సీతాకోకచిలుక వలె ముడివేయునది. ముందే ముడివేసి యమ్మెడి టైలను నేను మెచ్చను. బెల్టు పనికిరాదు.

బెల్టునకు బదులు నడుమును గప్పునది వేస్టుకోటు గాని, కమర్‌బందు గాని. పారసీకమున కమరనఁగా నడుము, బందనఁగాఁ గట్టు. మన దేశపు టెండలలో వేస్టుకోటును భరింపఁజాలక ఆంగ్ల సైనికోద్యోగులు ఈ పట్టుకట్టు నవలంబించిరి. అది పిదప సముద్రము దాఁటి లండను విందులఁ జేరెను. వైశాఖమున నిజామాబాదులో నొకదినము గడపినవారికి వారి యిక్కట్టు సులభముగా బోధపడును. దాని మడతలు పైకిఁ దెఱచియుండవలెను.

మన జిల్లా హైదరాబాదు రాజ్యమునఁ జేరియున్న కాలమున సభాయోగ్యమైన యుడుపు షేర్వాణి. మెడను మూయు కాలరు, ముందొక వరుస బొత్తాములు, మోకాళ్లదాఁక నిడివి, క్రింద పాయిజామా. సాధారణముగా తలకు రూమీటోపీ. దర్బారునకుఁ బోవువారికి దస్తారు, నడుమున బగ్లూసను బిళ్లపట్టీ. ఇది యొక మతమువారి వేషమని యిప్పుడు కొందఱు తలఁతురు. 1901 మొదలు 1912 వఱకు ప్రధానిగా నుండిన మహారాజా కిషన్ ప్రసాదుగారు హిందువు. ఆయన ఛాయాపటములను జూచిన ఆ సందేహము తీఱును.

2014లో చెన్నపట్టణమున ధోవతి కట్టిన యొక హైకోర్టు న్యాయమూర్తిని ఒక క్లబ్బువారు లోనికి రానీయలేదు. ఆ యేఁడే తమిళనాడు శాసనసభ అట్టి నిషేధములను తొలగించుచుఁ జట్టము చేసెను. పూర్వపు విందుమర్యాద యింత సంకుచితము కాదు. బ్లాక్ టైకి సమానముగా జాతీయవేషమును అది యంగీకరించును.

కావున బోధను చెఱకుపొలముల నడుమఁ జదువుకొని దూరదేశమున కొలువునకుఁ బోయిన బాలుఁడు ఇట్టి పిలుపు వచ్చినపుడు కొలత కుదురని యద్దెకోటునకై పరుగెత్త నక్కఱలేదు. భుజములకు సరిపోవు నల్లని షేర్వాణి చాలును. మెడకొక్కెమును మాత్రము విందు ముగియుదాఁక విప్పరాదు. జోళ్లు నల్లనివై మెఱయుచుండవలెను.