పోటీ పరీక్షల ప్రత్యేకం: కొవిడ్ కాలంలో అమెరికా బడులకు ‘ఎస్సర్’ నిధి

అమెరికాలో ప్రభుత్వ బడులను నడిపేది స్కూల్ డిస్ట్రిక్టులు. కొవిడ్ వేళ వాటికి మార్గదర్శకాలు, ఫెడరల్ నిధులు చేరవేసింది రాష్ట్ర విద్యాశాఖలు. ఆ నిధుల్లో ఒకటి ‘ఎస్సర్’ (ఎలిమెంటరీ అండ్ సెకండరీ స్కూల్ ఎమర్జెన్సీ రిలీఫ్). అది మూడు విడతల్లో వచ్చింది.

మూడు విడతలు (సుమారు, డాలర్లలో)
- కేర్స్ చట్టం, 2020 మార్చి 27: 1,320 కోట్లు
- సీఆర్‌ఆర్‌ఎస్‌ఏ (కరోనా సాయానికి అదనపు కేటాయింపుల) చట్టం, 2020 డిసెంబరు 27: 5,430 కోట్లు
- అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం, 2021 మార్చి 11: 12,200 కోట్లు

ముఖ్యాంశాలు
- రాష్ట్రాలు ఈ నిధిలో కనీసం 90 శాతాన్ని డిస్ట్రిక్టులకు పంచాల్సి ఉండేది.
- పంపిణీకి ప్రాతిపదిక: పేద విద్యార్థుల కోసం ఉద్దేశించిన ‘టైటిల్-1’ వాటాలు.
- మూడో విడతలో డిస్ట్రిక్టులు తమ వాటాలో కనీసం 20 శాతాన్ని అభ్యసన నష్టాన్ని పూడ్చడానికే వెచ్చించాల్సి ఉండేది. ఉదాహరణకు వేసవి తరగతులు, బడి వేళల తర్వాత బోధన.
- తరగతి గదుల్లో గాలి మార్పిడి ఏర్పాట్లకు, ల్యాప్‌టాప్‌లకూ నిధిని వాడుకునే వీలుండేది.

గుర్తుంచుకోండి: విపత్తులో ముందుగా వెనకబడేది పేద పిల్లల చదువే. సాయమూ ముందుగా అక్కడికే చేరాలి.