ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ కాస్త నెమ్మదించిందంటే చాలు, "ఫార్మాట్ కొట్టేద్దాం" అనేవాళ్ళు మన హాస్టళ్ళలో ఎప్పుడూ ఒకరుంటారు. కానీ అందులో సీనియర్ల ప్రాజెక్టు రికార్డులు, స్కాలర్‌షిప్ కోసం స్కాన్ చేసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు కూడా ఉంటాయి. అందుకని ఈ విషయం కొంచెం వివరంగా తెలుసుకుందాం.

హార్డ్ డిస్కు పొలం అనుకుంటే పార్టిషన్లు అందులోని మళ్ళు. ఏ మడి ఎక్కడ మొదలై ఎంత దూరం ఉందో రాసుకునే పట్టికే పార్టిషన్ టేబుల్. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఇది డిస్కు మొదట్లో కేవలం 64 బైట్లు. తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో డిస్కు చివర మరో నకలు కూడా ఉంటుంది. పట్టిక చెరిగిపోతే ఫైళ్ళు వెంటనే పోవు, వాటి చిరునామా పోతుంది.

ఫార్మాట్ రెండు రకాలు. క్విక్ ఫార్మాట్ కొత్త ఖాళీ జాబితా రాస్తుంది, పాత సమాచారం చాలావరకు అలాగే ఉంటుంది. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు. విండోస్ ఎక్స్‌పీలో అది చెడిన చోట్లను మాత్రమే వెతికేది. విస్టా నుంచి డిస్కంతా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా లాభం లేదు.

అసలు పొరపాటు జరిగేది డిస్కును గుర్తుపట్టడంలో. సి, డి అనే అక్షరాలు విండోస్ పెట్టుకున్న పేర్లు మాత్రమే. ఇన్‌స్టాల్ చేసే తెరమీద అవి ఉండవు, డిస్క్ 0, డిస్క్ 1 అని అంకెలుంటాయి. కాబట్టి సైజు చూడాలి. 500 జీబీ డిస్కు అక్కడ సుమారు 465 అని కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు, కంపెనీ వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తాయి, అంతే! రెండు డిస్కులూ ఒకే సైజైతే అవసరం లేనిదాని కేబుల్ (కంప్యూటర్ ఆపి) తీసేయడమే మేలు. పెన్‌డ్రైవ్‌లూ తీసేయండి.

"నా ఫైళ్ళన్నీ డిలోనే ఉన్నాయి" అని చాలామంది ధీమాగా ఉంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మామూలుగా సిలోనే ఉంటాయన్నది వాళ్ళకు గుర్తుండదు. పైగా డిలో పెట్టుకున్న నకలు అదే డిస్కులో ఉన్నట్టే కదా. డిస్క్‌పార్ట్‌లో "క్లీన్" అని కొడితే అది "నిజంగానా?" అని అడగదు, మొత్తం డిస్కు పట్టికను తీసేస్తుంది. నకలు వేరే డిస్కులో ఉండాలి, అందులోంచి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ఒకవేళ తప్పు డిస్కు మీద నొక్కేశారనుకోండి. కంగారుగా మళ్ళీ విండోస్ ఎక్కించకూడదు, కొత్తగా రాసే ప్రతిదీ పాతదాన్ని చెరిపేస్తుంది. ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పోయిన పార్టిషన్లను వెతకవచ్చు. దొరికిన ఫైళ్ళను మరో డిస్కులోకి కాపీ చేయాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఫార్మాట్ చేయగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, పాత సమాచారాన్ని ఎస్‌ఎస్‌డీ తనంతట తానే తుడిచేసుకుంటుంది.