మెనూలో కుడిపక్క చూడొద్దు

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో రాత్రి బస్సెక్కి, సంచిలో బుడ్డల పొడి, ఎండు జొన్నరొట్టెలు సర్దుకుని, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే బిడ్డల దగ్గరికి పోయే అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు.

మన పిల్లలు ఇప్పుడు చార్మినార్ చూపించి ఊరుకోవడం లేదు. జీతం కాస్త పెరగ్గానే జూబ్లీహిల్స్‌కో ఇందిరానగర్‌కో తీసుకుపోయి, అప్పటికప్పుడు పిండి పిసికి పాస్తా చేసే ఇటాలియన్ హోటల్లో కూర్చోబెడుతున్నారు. మా అమ్మాయీ అలాగే తీసుకుపోయింది. వారం ముందే టేబుల్ చెప్పిపెట్టిందట. నేను మెనూ తెరిచి, ఎడమపక్క పేర్లు వదిలేసి కుడిపక్క అంకెలు చదివాను. "పిడికెడు మైదాకు ఇంత డబ్బా? దీంతో మనింటికి నెల బియ్యం వస్తాయి కదే" అన్నాను. దాని కష్టార్జితం మీద మమకారంతోనే అన్నాను. ఆ పిల్ల మెనూ మూసేసి, "సరేలే మా, సూప్ తాగి పోదాం" అంది. దారి పొడుగునా మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇరవై ఏళ్లు మనం పెట్టాం, వాళ్లు తిన్నారు. ఇప్పుడు వాళ్లు పెడతామంటున్నారు. వాళ్లు పెట్టింది తినడం మనకు అలవాటు లేదు. "నాకొద్దు, మీరు తినండి" అనే మాట మనకు ప్రేమ. వాళ్లకు మాత్రం, తెచ్చిన బహుమతిని విప్పకుండానే తిరిగి చేతిలో పెట్టినట్టుంటుంది.

రేటు సంగతే ముందు చెప్పుకుందాం, ఎక్కువగా నలిగేది అక్కడే కాబట్టి. ఆళ్లగడ్డలో శిల్పుల పని మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఉలి దెబ్బల చప్పుడు, గాల్లో రాతి దుమ్ము, సగం చెక్కిన అమ్మవారి ముఖం. ఆ విగ్రహం వెల అడిగినవాళ్లెవరూ రాయి ఖరీదు ఇంతే కదా అని బేరమాడరు. ఆడితే మనకే బాధేస్తుంది. పాస్తా కూడా అలాంటి చేతిపనే. ఇటలీలో బొలోన్యా నగరపు పద్ధతిలో వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, అంతే. నీళ్లు కూడా పోయరు. దాన్ని మెత్తగా పిసికి, కాసేపు మూతపెట్టి నానబెట్టి, పొడుగాటి కర్రతో చెక్కబల్ల మీద వెలుగు ఆనేంత పలచగా ఒత్తుతారు. ఆ పని చేసే ఆడవాళ్లకు అక్కడ స్ఫోలీనా అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. టాలియతెల్లె అనే రిబ్బన్ పాస్తా ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని 1972లో ఆ ఊరి వాణిజ్య మండలిలో కొలత రాసిపెట్టుకున్నారు. గుర్తుగా బంగారంతో చేసిన నమూనా కూడా దాచుకున్నారు. ఒక ఊరు తన అమ్మమ్మల చేతిపనిని అంత గౌరవంగా భద్రపరచుకుందంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఆ పని మీకు కొత్తదేమీ కాదు, గమనించండి. వినాయక చవితికి బియ్యప్పిండిని పీట మీద అరచేత్తో రుద్ది పాలతాలికలు చేసిన చేతులు మీవి. రవియోలీ అంటే లోపల పూర్ణం లాంటిది పెట్టి అంచులు మూసేది. కర్జికాయ అంచు గిల్లడం వచ్చినవాళ్లకు అది చూడగానే అర్థమైపోతుంది. పొలెంటా అని మెనూలో కనబడితే భయపడకండి, మొక్కజొన్న రవ్వతో చేసిన సంగటి అది. వంటవాళ్లు అద్దం వెనక పని చేస్తుంటే లేచివెళ్లి కాసేపు చూడండి. "ఇట్లే మీ అవ్వ తాలికలు చేసేది" అని పిల్లలతో చెప్పండి. ఆ సాయంత్రం తమకు తెలిసిన లోకంలోకి మిమ్మల్ని తీసుకుపోవాలని వాళ్ల ఆశ. మీరు మీ లోకాన్నీ వెంటబెట్టుకుని పోతే వాళ్లకు ఎంత సంబరమో.

పోయే ముందు మాత్రం ఒక విషయం ఇంట్లోనే చెప్పెయ్యాలి. పిల్లలకు సెలవు శనివారం. మన దిక్కు చాలా ఇళ్లలో శనివారం నీసు ముట్టరు, గుడ్డు కూడా. తాజా పాస్తాలో ఎక్కువగా గుడ్డు ఉంటుంది, కంటికి కనబడదు. ఎండు పాస్తా మామూలుగా గట్టి గోధుమ రవ్వ, నీళ్లతో చేసిందే. అందుకని శాకాహారులైతే "పిండిలో గుడ్డు ఉందా?" అని అడగమని ముందే పిల్లలతో అనండి. చీజ్ సంగతి కూడా చాలామందికి తెలియదు. అసలైన పార్మిజానో రెజ్జానోకు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. సూక్ష్మజీవుల నుంచి తయారయ్యే రెన్నెట్‌తో చేసిన చీజ్‌లూ దొరుకుతాయి, అడిగితే చెబుతారు. బొలొన్యీజ్ సాస్‌లో సంప్రదాయంగా గొడ్డుమాంసం, కార్బొనారా పాస్తాలో పందిమాంసం ఉంటాయి. కొన్ని సాస్‌లలో వైన్ పోస్తారు. ఇవన్నీ టేబుల్ దగ్గర, ప్లేటు వచ్చాక బయటపడితే పిల్లలు సిగ్గుతో చితికిపోతారు. ఇంట్లో చెబితే వాళ్లే జాగ్రత్తగా చూసుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు మాత్ర వేళ కూడా చెప్పండి. మైదా కాబట్టి ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే మేలు.

ఏం తినాలో తోచకపోతే ఆగ్లియో ఓలియో అడగండి. నూనెలో వెల్లుల్లి, ఎండుమిరప వేయించి కలుపుతారు, మన తిరగవాత లాంటిదే. కారం కావాలంటే అర్రాబ్యాతా. ఆ మాటకు కోపం వచ్చినదని అర్థం. టమాటా, మిరపకాయ సాస్ అది. ఆ రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే, ఇటలీవాళ్లకూ మనకూ. పాస్తా కొంచెం గట్టిగా తగిలితే ఉడకలేదనుకోవద్దు. నంద్యాల సోనా బియ్యం తిన్నవాళ్లకు అన్నం పలుకుగా ఉండటమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఇటలీవాళ్లూ ఆ పలుకే కోరుకుంటారు.

ఫోర్కు చేతకాకపోతే చెంచా అడగండి. చేత్తో తినాలనిపిస్తే తినండి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ వీధుల్లో జనం మకరోనీని చేత్తో పైకెత్తి తలవంచకుండా నోట్లోకి వదులుకునేవాళ్లు. మీరు చేత్తో తింటే మీ బిడ్డ పరువేమీ పోదు. మీరు ముడుచుకుని కూర్చుంటేనే వాళ్లకు బాధ.

రుచి నచ్చకపోతే నచ్చిందని అబద్ధం చెప్పమనను. "సాస్ నాకు చప్పగా ఉందిరా, కానీ ఆ పిండి భలే మెత్తగా ఉంది" అనండి. నిజంగా నచ్చినదేదో ఒక్కటైనా వెతికి, పేరుపెట్టి చెప్పండి. బిల్లు వచ్చినప్పుడు కళ్లు అటు తిప్పకండి. మీ ఆయన చెయ్యి జేబు వైపు పోతుంటే నెమ్మదిగా ఆపండి.

నేను పాడుచేసుకున్న ఆ సాయంత్రం తర్వాత ఏడాదికి, మొన్న ఉగాది ముందు మా అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆ రోజు తినకుండా వచ్చేశాం కదా, ఆ హోటల్‌కి ఈసారి తీసుకుపోతావా?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎప్పుడొస్తావు మా?" అంది.