ఫిలిప్పీను ద్వీపవాసుల “మనము”

తెలుఁగు బాలునకు ఎవ్వరును బోధింపకుండఁగనే యలవడు భేద మొకటి గలదు. ఎదుటివానిని గూడ కలుపుకొని పలుకునపుడు వాఁడు “మనము” అనును. వానిని విడిచి పలుకునపుడు “మేము” అనును. “మనము బడికిఁ బోవుదము” అన్నచో వినువాఁడు తానును లేచును. “మేము బడికిఁ బోవుదుము” అన్నచో కూర్చుండియే యుండును. ఇంగ్లీషునందు ఈ రెంటికిని మాట యొక్కటియే, హిందీయందును అంతే. అయితే మనకుఁ దూర్పుగా మహాసముద్రములో నున్న ఫిలిప్పీను ద్వీపములందు తగాలోగు భాష నాడువారికి ఈ భేదము మనకువలెనే సుస్పష్టము. వారి “తాయో” మన “మనము”. వారి “కామి” మన “మేము”. మన భాషకును వారి భాషకును చుట్టఱికము లేదు. అయినను ఈ పోలిక గలదు. ఈ చిన్నమాటను చేతఁ బట్టుకొని ఆ ప్రజల నిత్యజీవనమును జూచితిమేని, పరదేశీయులకు వింతగాఁ దోఁచు ఆచారము లనేకములు సులభముగ బోధపడును. ఈ వ్యాసమున మేము చేయఁదలఁచిన పని యిదియే.

ఆ దేశము ఒక్క భూభాగము గాదు. 7,641 ద్వీపముల సముదాయము. 2020వ సంవత్సరపు లెక్కలనుబట్టి అచటి జనసంఖ్య 10 కోట్ల 90 లక్షలు. వారు మాటలాడు భాషలు 170కి పైగా నున్నవి. ఏఁటేఁట సుమారు 20 తుపానులు ఆ ప్రాంతమున సంచరించును. అగ్నిపర్వతములును గలవు, వానిలో పినతూబో యనునది 1991లో బ్రద్దలై గ్రామములను బూడిదతోఁ గప్పివేసెను. తుపాను రాత్రి పొరుగువాని యిల్లే శరణ్యమని మన కోస్తా జిల్లాలవారికి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. అట్టి నేలయందు ఒంటరిగ బ్రదుకుట కష్టము. ఆ దేశపు పరిపాలనలో అన్నిటికంటెఁ జిన్న విభాగమునకు “బరంగాయ్” అని పేరు. ఆ మాటకు మూలార్థము పడవ! పూర్వము ఒక నాయకుని వెంట ఒక్క పడవలో వచ్చి యొడ్డుచేరిన బంధువర్గమే ఒక గ్రామమయ్యెనని చెప్పుదురు. ఒక పడవ నెక్కినవారు ఒకరి నొకరు “మనము” అనకుండ నుండఁగలరా?

ఆ దేశమునకును భారతదేశమునకును గల పాతసంబంధము విద్యార్థులకు ఆశ్చర్యము గొలుపక మానదు. 1989లో లగూనా మండలమున నదీతీరమందు ఇసుక త్రవ్వుచుండఁగా ఒక రాగిరేకు దొరకెను. దానిపై వ్రాయఁబడిన తిథి శకవర్షము 822, వైశాఖ బహుళ చవితి, సోమవారము. అనఁగా క్రీస్తుశకము 900. మన పంచాంగమందలి శకవర్షమును, మాసమును, పక్షమును అచట నున్నవి! ఇది ఆ దేశమునఁ దేదీతోఁ దొరకిన లేఖనములలో మిక్కిలి ప్రాచీనము. భారతీయులు దండెత్తి పోయి నేర్పిన విద్య కాదిది. జావా, మలయా ప్రాంతముల వర్తకముతోపాటు చేరినది. ఆ దారినే సంస్కృతపు మాటలును బోయినవి. నేఁటికిని వారు ఉపాధ్యాయుని “గురో” అందురు. మొగమును “ముఖా” అందురు. ఆశను “ఆసా” అందురు. “దివాతా” యన్నచో వనదేవత. ఇంతకును ఆ రాగిరేకున నున్న విషయ మేమన, ఒక కుటుంబము బంగారపు ఋణమునుండి విడుదల పొందెనను చెల్లుచీటి. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురుగాక. మరల దీనితోఁ బని గలదు.

1521లో మాగెల్లను అను నావికుడు స్పెయిను రాజు పక్షమున నచటికి వచ్చి, మక్తాన్ ద్వీపమున లాపులాపు అను నాయకుని జనులతోఁ బోరాడి మరణించెను. పిదప 1565 మొదలు 1898 వఱకు స్పెయిను ప్రభుత్వమును, తరువాత 1946 వఱకు, నడుమ జపాను ఆక్రమణకాలము దక్క, అమెరికా ప్రభుత్వమును నడచినవి. స్పెయినువారు మెక్సికో మీఁదుగ ఆ దేశమును పాలించుటచే, అచటి తేదీ పొరుగుదేశముల తేదీకంటె ఒకదినము వెనుకఁబడి యుండెను. దానిని సరిచేయుటకై క్లవేరియా అను గవర్నరు 1844 డిసెంబరు 31వ తేదీని పంచాంగమునుండి తీసివేసెను. జనులు 30వ తేదీ రాత్రి పండుకొని, నూతన సంవత్సరాదినాఁడు మేల్కొనిరి! ఆ గవర్నరే 1849లో అందఱును ఇంటిపేరులు పెట్టుకొనవలయునని శాసించి, ఒక పట్టికను పంపెను. ఆ పట్టికయందలి పుటలను ఊరూరికిఁ బంచుటచేత కొన్ని యూళ్లలో ఇంటిపేరు లన్నియు నొక్క యక్షరముతోనే మొదలగును. ఆల్బే మండలమందలి ఓయాస్ పట్టణమున “ర” అక్షర మిట్టిదే. పాలకులు దినమును మార్చఁగలిగిరి, పేరును మార్చఁగలిగిరి. ఇంటిలోని నడవడి వారి యుత్తరువులకు లోఁబడలేదు.

ఆ యింటిలోనికి మన మిపుడు తొంగి చూతము. పిల్లలు పెద్దలతో మాటలాడునపుడు “పో” అను చిన్న పదమును జేర్తురు. ఇది అచ్చముగ మన “అండి”. “ఓపో” అన్నచో “అవునండి”. ఇంటికి వచ్చిన పెద్దవారి చేతిని వంగి పట్టుకొని తమ నుదుటికిఁ దాఁకించుకొందురు. దీనికి “మానో” అని పేరు. మనము పాదములకు మ్రొక్కుదుము. వారు చేతికి మ్రొక్కుదురు. అన్నను “కూయా” అనియు, అక్కను “ఆతే” అనియు పిలుతురు. ఈ పిలుపులు ఇంటివారికే గాదు. బండి నడుపువాఁడును కూయాయే, అంగడిలోని యామెయు ఆతేయే. దారి యడిగినచో పెదవులు ముందుకుఁ జాఁచి దిక్కు చూపుదురు. ఔననుటకు కనుబొమలు ఎగురవేయుదురు. ఇది చూచి నవ్వువారు, మన తల యూపు పరదేశీయుల నెంత తికమక పెట్టునో తలఁచుకొందురుగాక.

భోజనవిషయమున వారు మనకు మిక్కిలి దగ్గఱివారు. ఇంగ్లీషున నొకే మాటతో సరిపెట్టుదానికి మనకు ధాన్యము, బియ్యము, అన్నము అని మూఁడు మాటలు గలవు. వారికిని పాలాయ్, బిగాస్, కానిన్ అని వరుసగ మూఁడు మాటలే. అడుగంటిన మాడునకు సయితము వారికి వేఱు పేరు గలదు. ప్రపంచ ప్రసిద్ధమైన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1960లో వారి లోస్ బాన్యోస్ పట్టణమున స్థాపితమైనది. అది 1966లో వెలువరించిన ఐ.ఆర్. 8 అను వంగడమును మన గోదావరి మండలపు రైతులును సాగుచేసిరి. సగము పొదిగిన బాతుగ్రుడ్డును ఉడికించి తినుట మనలోఁ గొందఱికి జుగుప్స కలిగింపవచ్చును. అది వారికి సాయంకాలపు చిరుతిండి. కలిసినతోడనే వారు వేయు ప్రశ్న “భోజనమైనదా?” అనుటయే. తినుచున్నవాని యెదుట ఎవరైన నడచిపోవుచో, ఆతఁడు “కాయిన్ తాయో” అనును; అనఁగా “మనము భుజింతము రండు” అని. పిలువఁబడినవాఁడు చాలసార్లు కృతజ్ఞత దెలిపి సాగిపోవును. కాని పిలువక తినుట తప్పు. ఇందలి “తాయో” పదమును పాఠకులు గుర్తింతురుగాక. అపరిచితునకు సయితము చోటిచ్చు “మనము” అది.

వీథిలో చూతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైన్యము విడిచిపోయిన జీపుబండ్లను వారు పొడిగించి, రంగులు పూసి, “జీప్నీ” లను ప్రజావాహనములుగఁ జేసికొనిరి. ఎదురెదురుగ నున్న రెండు పొడుగు బల్లలపై జనులు కూర్చుందురు. టిక్కెట్టు లిచ్చువాఁడు సామాన్యముగ నుండఁడు. వెనుకఁ గూర్చున్నవాఁడు “బాయాద్ పో” అని కేక వేసి తన పైకమును పక్కవాని చేతఁ బెట్టును. అది చేతులు మాఱి బండివానిని జేరును; మిగిలిన చిల్లర అదే దారిని వెనుకకు వచ్చును. నడుమ నెవ్వఁడును దానిని జేబులో వేసికొనఁడు. ఈ నమ్మికను ఏ శాసనమును కల్పింపలేదు.

పూర్వము ఒక కుటుంబము చోటు మాఱ వలసినచో, వెదురుతోను ఆకులతోను గట్టిన యింటినే ఎత్తుకొని పోయెడివారు. ఇంటి క్రింద పొడుగు వాసములు దూర్చి, ఊరి మగవారు పదుగురు, ఇరువదుగురు భుజముల కెత్తుకొనెడివారు. కూలి లేదు, యజమాని అందఱికి భోజనము పెట్టును. దీనిని “బాయనిహాన్” అందురు. ఇపుడు గోడలు సిమెంటువి, ఇల్లు కదలదు. అయినను మాట నిలిచినది. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు అచటి ప్రభుత్వము చేసిన సహాయశాసనమునకు ఈ పేరే పెట్టిరి. 2021 ఏప్రిలులో కెజోన్ నగరమందలి మగిన్హవా వీథిలో ఒక యువతి వెదురుబండిపై కూరగాయలు, బియ్యము ఉంచి, ఉన్నవారు పెట్టవలసినదనియు, లేనివారు అవసరమైనంతయే తీసికొనవలసినదనియు వ్రాసి పెట్టెను. కొలఁది వారములలో దేశమంతట అట్టి బండ్లు వందలకొలఁది వెలసెను.

మరణము సంభవించిన యింట కొన్ని రాత్రులు మెలఁకువతో నుందురు. అచట చీట్లాట జరుగుచుండును! చూచినవారికి ఇది హృదయశూన్యతగాఁ దోఁచును. కాని గెలుపులో నొక భాగము ఆ యింటివారికే చెందును, ఖననవ్యయమునకు తోడగును, దుఃఖితులు రాత్రి యొంటరిగ నుండరు. క్రిస్‌మసు పండుగ గుఱుతులు సెప్టెంబరు నెలలోనే ప్రారంభమగును. ప్రజలలో అయిదింట నాలుగువంతులు కతోలికులు. డిసెంబరు 16 మొదలు 24 వఱకు తెల్లవాఱక మునుపే జనులు గుడికిఁ బోవుదురు. పొలమునకుఁ బోవు రైతుల సౌకర్యమునకై యేర్పడిన వేళ యిది. గుడి వాకిట వేడివేడి బియ్యపుపిండి రొట్టెలు అమ్ముదురు. ఇంటింటను వెదురు నక్షత్రదీపములు వ్రేలాడును.

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. ఇఁక బరువును గూర్చియుఁ జెప్పవలయును. తల్లిదండ్రులయెడల, ఆపదలో నాదుకొన్నవారియెడల మనుజునకుఁ గల కృతజ్ఞతను వారు “ఊతాంగ్ నా లోఒబ్” అందురు; “లోపలి ఋణము” అని అర్థము. రాగిరేకుపై వ్రాసిన బంగారపు ఋణమునకు చెల్లుచీటి గలదు, దీనికి లేదు. ఈ ఋణము తీర్చుటకే తఱచుగ పెద్దకొమార్తె పరదేశమునకుఁ బోయి, తమ్ములను చదివించును. 1974లో ప్రభుత్వమే ఈ వలసను ఏర్పాటుచేసి ప్రోత్సహించుటకుఁ బూనుకొనెను. నేఁడు సుమారు కోటిమంది దేశము వెలుపల దాదులుగ, నర్సులుగ, ఓడ కళాసులుగ, ఇంటిపనివారుగ నున్నారు. వారు నెలలకొలఁది సబ్బులు, డబ్బాలు, చెప్పులు కూడఁబెట్టి, పెద్ద అట్టపెట్టె నింపి యింటికిఁ బంపుదురు. పెట్టె వచ్చిననాఁడు ఇల్లంతయు సంబరమే. తల్లి మాత్రము రాదు. పరుల బిడ్డలను పెంచుచున్న ఆమె బిడ్డను అమ్మమ్మ పెంచుచుండును. గల్ఫు దేశములకు మనుష్యులను బంపిన మన గోదావరి, కరీంనగరు జిల్లాల కుటుంబములకు ఈ పెట్టె బరువు తెలియును.

కాఁబట్టి “మనము” అనుట ఉచితముగ లభించు వస్తువు గాదు. ఎవరో యొకరు దాని వెల చెల్లింతురు. అది యెల్లప్పుడు ఒక్కరే కాకుండఁ జూచుకొనుట తక్కినవారి విధి. జీప్నీలో పైకము పదిచేతులు మాఱును, ఇల్లు ఇరువది భుజములపై నడచును; పరదేశమందలి యక్కగారి భారము మాత్రము ఆమె యొక్కతెయే మోయును. ఈ భేదమును గమనించుటయే ఆ ప్రజలను నిజముగ నెఱుఁగుట.

విద్యార్థులారా! భూగోళపటమున ఆ ద్వీపములను జూచునపుడు వారి ఆచారములలో వింతలను వెదకుటతోఁ దనియకుఁడు. ఆ రెండు మాటలు మన భాషయందును గలవు. మీ తరగతిలో క్రొత్తగఁ జేరి వెనుక బల్లపై నొంటిగఁ గూర్చున్న బాలునితో నేఁడు మధ్యాహ్నము మీరు వానిలో నే మాట యాడుదురో యోచింపుఁడు. మీ యింట ఎవరి యొక్కరి భుజముపై ఇల్లంతయు నిలిచి యున్నదో, దానిని గూడ నొకపరి చూడుఁడు.