బలమునకు ముందు భంగిమ

దేహబలమనగా కండల పరిమాణమే యని తలంచు యువకులు మన పల్లెల తాలింఖానాలందును, పట్టణముల జిమ్ములందును నేటికిని కొల్లలుగా కానవచ్చుచున్నారు. ఎంత బరువెత్తితివని వారు ఒకరినొకరు అడుగుకొందురే గాని, ఎట్లెత్తితివని అడుగువారు అరుదు. నా మట్టునకు, మనుష్యుని వ్యక్తిత్వమును బయటపెట్టునది ఈ రెండవ ప్రశ్నయే. మొదటిదానికి నలుగురి మెప్పు చాలును. రెండవదానికి తన శ్రద్ధయే సమాధానము చెప్పవలెను.

ధాన్యపు మిల్లు ముంగిట, నేలనున్న బస్తా నెత్తు అనుభవజ్ఞుడగు హమాలీని ఒక్కమారు నిదానించి చూడుడు. అతడు దూరముగా నిలిచి చేతులు చాపడు. పాదములను ఎడముగా నూని, మోకాళ్ళు వంచి, తుంటిని వెనుకకు జరిపి, బస్తాను రొమ్మున కదుముకొనిన పిమ్మటనే కాళ్ళ సత్తువతో లేచును. ప్రక్కకు తిరుగవలసినపుడు నడుమును మెలిపెట్టక, పాదములనే కదల్చి దేహమంతయు త్రిప్పును. ఆ వృత్తిలోనివారికి నడుము నొప్పులు లేవని నేననను. తెల్లవారినది మొదలు పొద్దుగ్రుంకువరకు మోయు భారమునకు ఏ నేర్పును పూర్ణరక్ష కాజాలదు. కాని అదే బస్తాను, అలవాటు లేని యువకుడొకడు మోకాళ్ళు బిగబట్టి, వీపు గూనిగా వంచి, ఒక్క కుదుపున లాగబోయినచో, నడుము పట్టి నాలుగు దినములు మంచము దిగకుండుటకు అది చాలును.

దీనికి కారణము తులాదండ సూత్రమే. నడుమును నిలబెట్టు కండరములు వెన్నుపూసల కీలునకు సుమారు 5 సెంటీమీటర్ల దూరమునుండి మాత్రమే లాగగలవు. 20 కిలోల బరువును ఆ కీలునకు 50 సెంటీమీటర్లు ముందుగా పట్టుకొన్నచో, దానిని నిలుపుటకు ఆ కండరములు 200 కిలోల బరువునకు సరియగు బలముతో లాగవలసియుండును. అదే బరువును 25 సెంటీమీటర్లకు దగ్గరగా తెచ్చుకొన్నచో 100 కిలోల బలము సరిపోవును. మొండెము బరువు దీనికి అదనము. ఈ లాగుడంతయు పూసల నడుమనున్న మెత్తని డిస్కులమీదనే పడును. అట్లని వంగుటయే నేరమని భయపడరాదు. నేలపై జారిన కలమును తీయుటకు ఎట్లు వంగినను మునిగిపోయినదేమియు లేదు. భారము హెచ్చుగా నుండి, అలసట తోడై, అలవాటు లేని దేహము దానికి లోబడినపుడే ముప్పు వాటిల్లును.

శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, స్త్రీలకు ఒలింపిక్సులో బరువులెత్తు పోటీలు తొలిసారిగా ప్రవేశపెట్టబడిన 2000 సంవత్సరముననే, సిడ్నీ నగరమున 69 కిలోల తరగతిలో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గొని, ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారత మహిళయైనది. స్వర్ణ రజతములు గొన్న ఇరువురును ఎత్తినది 242.5 కిలోలే. బలమున ఇంత దగ్గరగానున్నవారి నడుమ ప్రతి అంగుళమునకును విలువ కలదు. స్నాచ్ అనగా చేతులతో బరువును తలపైకి లాగుటయని చూపరులు భ్రమింతురు. నిజమునకు కడ్డీ పిక్కయెముకను, తొడను ఇంచుమించు ఒరసికొనుచు పైకి వచ్చును. చీలమండ, మోకాలు, తుంటి యను మూడు కీళ్ళును కలిసి విచ్చుకొని దానికి వేగమిచ్చును. ఆ వేగమింకను ఉండగనే, కడ్డీ తలమట్టమునకైనను చేరకముందే, ఎత్తునట్టి మనిషి తానే దాని క్రిందికి జారి గొంతుకూర్చుండి, చాచిన చేతులపై దానిని నిలిపికొని, అటుపిమ్మట లేచి నిలుచును. తొందరపడి చేతులను ముందే మడచినచో కాళ్ళు పుట్టించిన బలము మోచేతులవద్దనే నీరుగారిపోవును. కడ్డీ దేహమునకు దూరముగా పోయినచో ఎంతటి బలశాలికిని అది ముందుకే పడును. పడకుండ ఆపబోయినచో ఆ భారము నడుముననే విరుచుకొనిపడును. గాయమును తప్పించు భంగిమ వేఱు, విజయమును తెచ్చు భంగిమ వేఱు అనుకొనుట ఎంత పొరపాటో దీనివలన తెలియగలదు.

క్రికెట్టులో వేగముగా బంతి వేయువారి సంగతి మఱింత కఠినమైనది. బంతి విడుచు ముందర ముందరికాలు నేలను తాకునపుడు, దేహభారమునకు అనేక రెట్లగు తాకిడి ఆ కాలిగుండ నడుమునకు ప్రాకును. పాదములును తుంటియు ఒక దిక్కునకును, భుజములు మఱియొక దిక్కునకును తిరిగియుండు మిశ్రమశైలిలో ఆ క్షణముననే నడుము మెలిపడుటవలన, క్రింది పూసలలో సన్నని బీటలు పడు అవకాశము హెచ్చునని పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమున బ్రూస్ ఎలియట్ మొదలగు పరిశోధకులు తెలిపిరి. ఆ రాష్ట్రమువాడే యగు డెన్నిస్ లిల్లీ 1973లో వెస్టిండీస్ పర్యటనయందు అట్టి బీటలకే లోనై, నడుమునకు ప్లాస్టరు కట్టు కట్టించుకొని, ఆటకు దూరమయ్యెను. ఆతడు తన దేహమును తిరిగి బలపఱచుకొని, శైలిని సరిదిద్దుకొని, 1974-75లో ఇంగ్లండుపై మరల బరిలో దిగెను. 1984లో విరమించునాటికి ఆతని 355 టెస్టు వికెట్లు ప్రపంచమునకే అత్యధికము. అదివఱకే పేరుమోసిన బౌలరు, తనకు కీర్తి తెచ్చిన అలవాటునే విప్పి మరల అల్లుకొనుటకు సిద్ధపడుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఆ వికెట్ల సంఖ్యకంటె ఆ నిగ్రహమే నాకు ఎక్కువ పూజ్యముగా తోచును. 1987 నుండి మద్రాసులోని ఎమ్మారెఫ్ పేస్ ఫౌండేషనులో ఆతడు మన కుఱ్ఱవాండ్రకు ఆ విద్యనే నేర్పెను.

వాలీబాలు, కబడ్డీ ఆడు మన బాలికల తల్లిదండ్రులకు ఒక మాట ప్రత్యేకముగా చెప్పదలచితిని. మోకాలిలో ఏసీఎల్ అను స్నాయువు తెగుట ఎవరో ఢీకొన్నందువలననే జరుగునని పలువురు తలంతురు; కాని తఱచు అది ఎవరును తాకకయే, ఎగిరి దిగునపుడో, పరుగున చటుక్కున మళ్ళునపుడో తెగును. బాలురకంటె బాలికలకు ఈ ముప్పు హెచ్చు. మోకాళ్ళు బిఱ్ఱబిగిసి యుండగా దిగుటయు, దిగినపుడు అవి లోపలివైపునకు ఒకదానినొకటి సమీపించుటయు దీనికి ముఖ్యకారణములు. ముందుగా పాదాగ్రముపై దిగి, మోకాళ్ళను తుంటిని వంచి, మోకాలిచిప్ప కాలివ్రేళ్ళ దిక్కుననే యుండునట్లు చూచుకొనుట నేర్పవలెను. ఇట్టి కదలికలతో కూర్చిన, ఇరువది నిమిషములు పట్టు సన్నాహక వ్యాయామమును నార్వే దేశపు ఫుట్‌బాల్ బాలికలచేత చేయించి చూడగా, గాయములు మొత్తముమీద సుమారు మూడవ వంతు తగ్గెనని 2008లో ప్రచురితమైన అధ్యయనము చెప్పుచున్నది.

ఇంత సులభమైన దానిని మనవారేల పాటింపరు? అజ్ఞానమొక కొంత, అభిమానము మిక్కిలి. ప్రక్కవాడు 80 కిలోలెత్తుచుండగా తాను 20 కిలోల ఖాళీ కడ్డీతో నిలుచుట నామోషీ యనిపించును. ఆ నామోషీని ఓర్చుకొనగల వాడే శిక్షణకు అర్హుడు. గురువు ప్రక్కనుండి చూచి, వీపు వంగినది, దించుము, అనినపుడు వాదింపక దించుటయు, గురువు లేనిచోట సెల్‌ఫోనులో తన కదలికను ప్రక్కనుండి చిత్రించుకొని నిష్పక్షపాతముగా చూచుకొనుటయు, అలసట వచ్చి రూపము చెడిన తోడనే, లెక్కకు ఇంకను రెండు మిగిలియున్నను, ఆనాటికి చాలించుటయు అభ్యసింపవలెను. బరువును వారమువారము కొలదికొలదిగా పెంచినచో కండయు, ఎముకయు, స్నాయువును దానికి తగినట్లు గట్టిపడును. కండ త్వరగా బలియును, స్నాయువునకు ఎక్కువ కాలము పట్టును, కావున తొందరపాటునకు మొదట బలియగునది స్నాయువే.

సాధన చేసిన మఱునాడు కండరములు సలుపుట వేఱు, కీలులో పోటు వేఱు. నడుమునుండి కాలిలోనికి తిమ్మిరి దిగినను, మోకాలు వాచి ముడుచుకొనకున్నను, నూనె మర్దనలతో దినములు గడపక వైద్యుని చూడవలెను. ఆయన సరే యనిన పిమ్మట, మునుపు ఎంత ఎత్తియుండినను, ఖాళీ కడ్డీతోనే మరల మొదలిడవలెను.