రొమ్ములో గడ్డ కనిపిస్తే – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

"ఈ గడ్డ ఎప్పటినుంచి ఉందమ్మా?" అని అడిగితే చాలామంది స్త్రీలు చెప్పే జవాబు ఒకటే: "చాన్నాళ్లయింది సిస్టర్. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను." ఈ మాటలోనే అసలు ప్రమాదం ఉంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదటి దశలో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి ఉంటే మనిషి తనంతట తానే ఆసుపత్రికి వస్తుంది. నొప్పి లేకపోతే పనుల్లో పడి మరచిపోతుంది, లేదా సిగ్గుపడి దాచుకుంటుంది. అందుచేత ఈ విషయాలు ఇంట్లోవారందరూ తెలుసుకోవాలి.

గడ్డలన్నీ క్యాన్సర్ కావు

ముందుగా ధైర్యం చెప్పే మాట. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. తరచుగా చూసేవి ఇవి:

1. ఫైబ్రోఎడినోమా: 15 నుంచి 35 ఏళ్ల వయసులో ఎక్కువ. నున్నగా, గుండ్రంగా గోలీకాయలా ఉండి, వేలితో నొక్కితే అటూ ఇటూ జారుతుంది.

2. నీటి బుడగ: దీన్నే సిస్ట్ అంటారు. 35 ఏళ్లు దాటినవారిలో, నెలసరి ఆగిపోయే వయసుకు దగ్గరలో ఎక్కువగా వస్తుంది. స్కానింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

3. నెలసరికి ముందు వచ్చే గట్టిదనం: రెండు రొమ్ములూ బరువెక్కి, గరుకుగా తగిలి, నొప్పి పెడతాయి. నెలసరి అయ్యాక తగ్గిపోతుంది.

4. పాలిచ్చే తల్లికి వచ్చే గడ్డ: పాలు నిలిచిపోయి రొమ్ము ఎర్రబడుతుంది, జ్వరం వస్తుంది. చీము పట్టకముందే చూపించాలి. సాధారణంగా బిడ్డకు పాలు మాన్పించనవసరం లేదు. మందులు వాడినా గడ్డ కరగకపోతే తప్పక మళ్లీ రావాలి.

అయితే ఫలానా గడ్డ ఏ రకమో చేతితో తాకి ఇంట్లో తేల్చడం ఎవరివల్లా కాదు. అనుభవమున్న డాక్టరు కూడా పరీక్ష చేయించాకే చెబుతారు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయవద్దు

• గట్టిగా, ఎగుడుదిగుడుగా, కదలకుండా ఉన్న గడ్డ
• చర్మం లోపలికి సొట్టపడటం, లేదా కమలాపండు తొక్కలా గుంతలు పడటం
• ఇంతకుముందు బాగున్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం
• చనుమొన నుంచి రక్తం లేదా రక్తపు చారలున్న నీరు కారడం
• చనుమొన చుట్టూ మానని పుండు, పొక్కు
• చంకలో గడ్డ
• ఒక రొమ్ము ఆకారం, పరిమాణం కొత్తగా మారడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ వారంలోనే చూపించండి. పాతికేళ్ల లోపు అమ్మాయికి నెలసరి ముందు చిన్న గట్టిదనం తగిలితే ఆ నెలసరి అయ్యేవరకు ఆగి చూడవచ్చు. తరువాత కూడా ఉంటే ఇక ఆగవద్దు. మన దేశంలో ఈ జబ్బు 40, 50 ఏళ్ల వయసులోనే చాలామందికి వస్తోంది. చిన్న వయసు కదా అని, మన వంశంలో ఎవరికీ లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబంలో ఆ చరిత్ర ఉండదు. అరుదుగానైనా మగవారికీ వస్తుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

మూడు మెట్లున్నాయి. మొదట డాక్టరు రెండు రొమ్ములనూ, చంకలనూ చేతితో పరీక్షిస్తారు. తరువాత చిన్న వయసువారికి స్కానింగ్, 40 దాటినవారికి సాధారణంగా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయిస్తారు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దీన్ని బయాప్సీ అంటారు.

చేతి పరీక్షను తేలికగా తీసుకోవద్దు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి స్త్రీలకు ఈ పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష చేయించుకున్న 50 ఏళ్లు పైబడినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు 5 ఏళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

అపోహలు – వాస్తవాలు

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.
వాస్తవం: పాకదు. ఏ చికిత్స చేయాలో తెలియాలంటే ఈ పరీక్ష అవసరం.

అపోహ: పసరు కట్లు కడితే గడ్డ కరుగుతుంది.
వాస్తవం: క్యాన్సర్ గడ్డ పసరుకు కరగదు. చర్మం పుండుపడి, విలువైన కాలం పోతుంది.

అపోహ: ఆపరేషన్ అంటే రొమ్ము మొత్తం తీసేస్తారు.
వాస్తవం: గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే, చాలామందికి గడ్డ మేరకే తీసి రేడియేషన్ ఇస్తారు.

అపోహ: ఇది అంటుకుంటుంది.
వాస్తవం: అంటుకోదు. ఆమె ప్లేటు, గ్లాసు వేరుచేయకండి. బిడ్డలను ఆమెకు దూరం చేయకండి.

మీరు చేయవలసినవి

కొత్త కోడలు అత్తగారికి చెప్పుకోలేదు. పెద్దావిడ కొడుకుకు చెప్పుకోలేదు. కాబట్టి మీరే అడగండి. నెలకోసారి, నెలసరి మొదలైన వారం పది రోజులకు, స్నానం చేసేటప్పుడు మూడు వేళ్ల లోపలి భాగంతో రొమ్ము అంతటా, చంక వరకు తడిమి చూసుకోమని చెప్పండి. నెలసరి ఆగినవారు నెలలో ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి.

కోతలయ్యాక, పెళ్లయ్యాక, పండుగ వెళ్లాక అని వాయిదా వేయకండి. తోడుగా ఒకరు రండి. పాత రిపోర్టులన్నీ తీసుకురండి. మహిళా డాక్టరు కావాలని అడగడానికి మొహమాటపడకండి. ఖర్చుకు భయపడితే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాల్లో అర్హులకు క్యాన్సర్ చికిత్స ఉంది. కార్డులు వెంట ఉంచుకుని ఆసుపత్రి కౌంటర్‌లో విచారించండి.

పరీక్షలో క్యాన్సర్ కాదని తేలితే నిశ్చింతగా ఇంటికి వెళతారు. అవునని తేలినా, తొందరగా వచ్చినవారిలో ఎక్కువమందికి నయమవుతుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ ఇంటి ఆడవారిని ఒక్కసారి అడగండి.